వంతెన దాటేదాకా

అక్క సంచి సర్దుతోంది. నేను అందులోంచి ఒక్కొక్కటీ బయటికి తీస్తున్నాను.

మగ్గాల ఇంట్లో పట్టు కండెలు మోసే పెద్ద గుడ్డ సంచి అది. అడుగున దూది కూరిన చలి కోట్లు, వాటి మీద ఉప్పులో ఊరిన ఉమే అనే పుల్లటి కాయల జాడీ, కడుపునొప్పి మందు, సూదుల పొట్లం, మందపాటి ఉన్ని మేజోళ్ళు. మేజోళ్ళు తీసి నా వెనక దాచుకున్నాను.

"కినూ, అవి అక్కడ పెట్టు. ఆ దేశపు చలికి కాళ్ళు ఊడి పడతాయంట."

"అయితే వెళ్ళకు."

"ఊడకముందే వెళ్ళి చూసొస్తాలే."

మూల కూర్చుని తీగలతో అల్లిన పెట్టెకి తాడు బిగిస్తున్న బావ పెద్దగా నవ్వాడు. "మీ అక్క కాళ్ళు ఊడవే. వాటికి భయపడి చలే పారిపోద్ది," అన్నాడు. అక్క చేతిలో ఉన్న కోటుతో ఆయన వీపు మీద ఒకటి వేసింది.

బావ పేరు మున్ సాంగ్‌జున్. కొరియా మనిషి. క్యోటోలో మా నిషిజిన్ పేటంతా నేతపనివాళ్ళే. దేశంలోని పెళ్ళికూతుళ్ళందరూ నడుముకి కట్టుకునే పట్టు పట్టీలు మా దగ్గరే నేసేవాళ్ళం. ఆ మగ్గాల ముందు బావలాంటి వాళ్ళు చాలామంది కూర్చునేవాళ్ళు. వాళ్ళ చేతి పని అందరికీ కావాలి. పిల్లనిచ్చే మాట వస్తే మాత్రం పేట మొత్తానికి ఒక్కసారిగా చెవుడు వచ్చేది. మా అక్క షిజునో ఆయన్ని చేసుకున్న రోజున మా నాన్న యసాబురో, "ఇక నీ మొహం చూడను" అన్నాడు. అన్నట్టే చూడలేదు. ఉండేది ఒకే వీధి. ఎదురుపడితే చటుక్కున గోడ వైపు తిరిగి, అక్క దాటిపోయేదాకా ఆ గోడని చదువుతున్నట్టు నిలబడేవాడు. పేటలో పిల్లలు అది ఆటగా ఆడుకునేవాళ్ళు కూడా.

ఆ వసంతంలో కొరియా వాళ్ళు ఓడల నిండా వెళ్ళిపోతున్నారు. ఉత్తర కొరియాలో ఇల్లు ఇస్తారని, పని ఇస్తారని, వెంట వెళ్ళిన జపాను భార్యలు మూడేళ్ళు గడిస్తే పుట్టింటికి వచ్చి పోవచ్చని చెప్పుకునేవాళ్ళు. ఎవరు చెప్పారంటే ఎవరికీ తెలీదు. కానీ అందరికీ తెలుసు. "నేను పుట్టింది దక్షిణాన, ఓడ పోయేది ఉత్తరానికి. అయినా అందరూ సొంతూరికి వెళ్తున్నావా అని అడుగుతారు," అనేవాడు బావ. అది తమాషాకి అన్న మాటో కాదో నాకు ఇప్పటికీ తెలీదు.

రైలు ఆ సాయంత్రమే. అక్క చెయ్యాల్సిన పని ఒకటి మిగిలి ఉంది. నన్ను అరాషియామా తీసుకెళ్ళాలి.

పదమూడో ఏడు వచ్చిన పిల్లల్ని అరాషియామా కొండ మీది కోకూజో బోధిసత్వుడి దగ్గరికి తీసుకెళ్ళి బుద్ధి ఇమ్మని అడగడం మా ఊళ్ళో ప్రతి ఇంటి ఆచారం. తీసుకెళ్ళేది తల్లి. నేను పుట్టిన ఏడాదే మా అమ్మ పోయింది కాబట్టి అక్కే. దీనికి మాత్రం నాన్న అడ్డు చెప్పలేదు. "నేను వంతెనకి ఇవతల ఉంటాను. పిల్లని దాటించి పంపమను," అని పక్కింటి హిరాయ్ పిన్నిగారితో కబురు పెట్టాడు. గుడి నదికి దక్షిణపు ఒడ్డున ఉంది. బావ వెళ్ళాల్సిన చిన్న రైలు స్టేషనూ ఆ ఒడ్డునే. అంటే అక్క నన్ను వంతెన ఎక్కించి, అటునుంచి అటే వెళ్ళిపోతుందన్నమాట.

ఆ ఆచారంలో ఒక నియమం ఉంది. గుడి నుంచి తిరిగి వచ్చేటప్పుడు వంతెన దాటేదాకా వెనక్కి చూడకూడదు. చూస్తే దేవుడిచ్చిన బుద్ధి దేవుడి దగ్గరికే వెళ్ళిపోతుంది.

"వెళ్ళిపోతే?" అని ముందురోజే అడిగాను.

"మళ్ళీ మొదట్నించీ. మళ్ళీ కొండెక్కాలి, మళ్ళీ దండం పెట్టాలి."

"ఎవరు తీసుకెళ్తారు?"

"మొదట తీసుకెళ్ళినవాళ్ళే. ఇంకెవరు?"

అప్పుడే నిర్ణయించుకున్నాను. వంతెన నడిమధ్యన వెనక్కి తిరుగుతాను. అక్క పరుగెత్తుకొస్తుంది. మళ్ళీ కొండెక్కుతాం. రైలు వెళ్ళిపోతుంది. ఆ రాత్రి ఈ ఉపాయం తలుచుకుని దుప్పట్లో నవ్వుకున్నాను.

అమ్మ పట్టు బట్ట నాకు కట్టారు. లేత ఊదా రంగు మీద తెల్లని కొంగలు. పెద్దవాళ్ళ కొలత కావడంతో అక్క భుజాల దగ్గర మడిచి కుట్టింది. పదమూడో ఏట అందరు పిల్లలకీ అలాగే కుడతారు. ఎదిగాక ఆ కుట్లు విప్పుతారు.

"మూడేళ్ళకి సరిగ్గా సరిపోతావు. నేనొచ్చి విప్పుతా," అంది అక్క నోట్లో దారం కొరుకుతూ. "నువ్వు విప్పుకోకు. నీ చేతికి ఓపిక లేదు, బట్ట చింపేస్తావు."

సంచి, పెట్టె తీసుకుని బావ ముందే వెళ్ళిపోయాడు. మేము గుమ్మం దిగుతుంటే హిరాయ్ పిన్నిగారు చీపురు పట్టుకుని ఎదురొచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచి అక్కతో మాటల్ని చిల్లర డబ్బుల్లా లెక్కపెట్టి విదిల్చే మనిషి.

"షిజునో, టీ పోసుకుని కాస్త అన్నం తిని వెళ్ళరాదూ," అంది.

మా ఊళ్ళో ఆ మాట అన్నారంటే ఇక లేచి వెళ్ళమని. అక్క నవ్వేసింది. "నేనే వెళ్తున్నా కదా పిన్నిగారూ, మళ్ళీ వెళ్ళగొట్టడం ఎందుకు?"

పిన్నిగారు లోపలికి వెళ్ళి పళ్ళెం తెచ్చింది. రెండు గిన్నెల్లో అన్నం, దాని మీద వేడి టీ, ఒక్కో ఊరగాయ ముక్క. ఆవిర్లు వస్తున్నాయి. అలాంటి పిలుపుకి నిజంగా గిన్నె రావడం నేనెప్పుడూ చూడలేదు, వినలేదు. అక్క గుమ్మంలో నిలబడే తిన్నది. మెతుకు మిగల్చలేదు. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఇద్దరి చేతులూ కాసేపు దాని మీదే ఉన్నాయి.

సందు చివరికి వచ్చాం. నేను మలుపు తిరగబోతే అక్క భుజం పట్టి ఆపింది. వెనక్కి తిరిగి లోతుగా వంగింది. పిన్నిగారు ఇంకా గుమ్మంలోనే ఉంది, తనూ వంగింది.

"మళ్ళీ దండం ఎందుకక్కా?"

"సాగనంపేవాళ్ళు మనం మలుపు తిరిగేదాకా నిలబడతారు కినూ. మలుపు దగ్గర మనం తిరిగి చూడకపోతే పాపం, లోపలికి వెళ్ళాలో వద్దో వాళ్ళకెలా తెలుస్తుంది? సాయంత్రం దాకా నిలబడాల్సిందే."

ట్రాము ఎక్కుదామన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ట్రాములో వెళ్తే ఊరు కిటికీది అవుతుంది. నడిస్తే మనది. ఇన్నేళ్ళు ఇక్కడ బతికి, నేను ఎరిగిన క్యోటో ఎంతో తెలుసా? మగ్గం, నీళ్ళ పంపు, స్నానాల ఇల్లు. ఇవాళ తీరిగ్గా చూస్తాను."

నా కొత్త చెప్పులు తను పట్టుకుని, నాకు పాత గడ్డి చెప్పులు వేసింది. ఒకటో వీధి పట్టుకుని పడమటికి నడిచాం. కితానో గుడి ముందు పడుకున్న రాతి ఎద్దు తల నిమిరాం. తరాల పిల్లల చేతులు తగిలి ఆ తల అద్దంలా మెరుస్తోంది. గుడి వెనక చిన్న వాగు దాటి కొంత దూరం వెళ్ళాక ఏదో అయింది నాకు. చెవుల్లోంచి ఏదో జారిపోయినట్టు. కాళ్ళు ఆగిపోయాయి.

"అక్కా, ఏమైంది?"

అక్క కూడా తల వంచి వింటోంది. "మగ్గాలు," అంది మెల్లగా. "ఇక్కడితో మగ్గాలు అయిపోయాయి."

పుట్టిన దగ్గర్నుంచి తెల్లారకముందే మొదలై దీపాలు పెట్టాక గానీ ఆగని టకటక మధ్య పెరిగినదాన్ని. అది ఒక చప్పుడని కూడా తెలీదు నాకు. గాలి ఎలా ఉంటుందో అదీ అలాగే ఉంటుందనుకున్నాను. ఇప్పుడు ఎవరో ఊరి మీదినుంచి దుప్పటి లాగేసినట్టు, గోడవతల పిచ్చుక, ఎక్కడో చాకు మీద రాయి గీత, మా ఇద్దరి చెప్పుల సవ్వడి, అన్నీ వేరువేరుగా, కడిగి పెట్టినట్టు వినిపించాయి. లోకం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అని అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అక్క వెనక్కి, పేట వైపు చాలాసేపు చెవి పెట్టి వింది.

ఓమురో దగ్గర పెద్ద గుడి సింహద్వారం. ఒక్కో స్తంభం ఇద్దరు కలిసి కౌగిలించినా అందనంత లావు. అక్క నిజంగానే కౌగిలించింది. దారిన పోయే ముసలాయన "అమ్మాయ్, అది పడిపోదులే," అన్నాడు. "నేను పడిపోకుండా పట్టుకున్నా తాతా," అంది అక్క. లోపల చెర్రీ పూలు అప్పుడే విప్పుతున్నాయి. అక్కడి చెట్లు పొట్టివి. తలెత్తి చూడక్కర్లేదు, పూలే మొహం దాకా వస్తాయి. వాటి మధ్య నడుస్తుంటే తెల్లటి వెలుగు బుగ్గలకి తగిలింది. అక్క కొమ్మల్లో మొహం పెట్టి కళ్ళు మూసుకుని నిలబడింది. పూలకి అవతల ఎక్కడో గంట మోగింది. ఆ మోత ఎంతసేపటికీ పూర్తి కాలేదు. తగ్గి, తగ్గి, ఇక లేదనుకున్నాక కూడా అరికాళ్ళ కింద ఉంది.

"ఈ ఊళ్ళో ఇది ఎన్ని వందల ఏళ్ళ నుంచి ఉందో," అంది అక్క. "మనమే రాలేదు."

మధ్యాహ్నానికి హిరోసావా చెరువు చేరాం. గాలి లేదు. గట్టు మీదినుంచి చూస్తే కొండ నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉంది. పైన ఉన్న కొండకంటే నీళ్ళలోదే నిజమైనదానిలా ఉంది. దాని కొసన ఒక కొంగ, ఆ కొంగ కింద ఇంకో కొంగ, రెండూ ఒకే కాళ్ళ మీద. నేను నా బట్ట మీది కొంగల్ని చూసుకున్నాను. ఊపిరి వదిలితే ఆ నీళ్ళు చెదిరిపోతాయేమోనని భయమేసింది. అన్నం ముద్దలు తినడానికి విప్పాం గానీ చాలాసేపు ఒడిలోనే ఉంచుకున్నాం.

"కళ్ళల్లో నింపుకుంటున్నావా?" అన్నాను. వెక్కిరించాలనే అన్నాను.

"కళ్ళు చాలవే. కాళ్ళల్లో నింపుకుంటున్నా."

సాగా పొలాల గట్టున ఒకామె వెదురు మొలకలు తవ్వుతోంది. నా భుజాలు చూసి పార ఆపింది. "పదమూడేళ్ళ దండమా? కుట్లు భలే పడ్డాయే. అమ్మ చెయ్యా?"

"నాదే," అంది అక్క.

"ఇంత చిన్నదానివి, ఇంత పిల్లకి తల్లివా?"

"ఇవాళ్టికి."

ఆమె తవ్విన వాటిల్లో లేతది ఒకటి మట్టితో సహా నా మూటలో పెట్టింది.

వంతెన కనపడింది. ఇవతలి చివర్లో ఉన్న చిన్న అంగడి పక్కన నాన్న నిలబడి ఉన్నాడు. నెత్తిన టోపీ. మమ్మల్ని చూసి అంగడి గోడ వైపు తిరిగాడు. అక్క తల వంచుకుని ఆయన వెనకనుంచి దాటింది. ఇద్దరి మధ్యా చెయ్యి చాపినంత దూరం కూడా లేదు.

గుడిలో పిల్లలందరికీ కుంచె, కాగితం ఇస్తారు. మా లిపిలో ఒక్క అక్షరమే ఒక మాట అవుతుంది; మనసులో ఉన్న అలాంటి ఒక్క అక్షరం రాసి దేవుడి ముందు పెట్టాలి. పక్కన కూర్చున్నవాళ్ళు జ్ఞానం, అందం, బలం అని రాస్తున్నారు. నేను 'అక్క' అన్న అక్షరం రాశాను. సిరా ఎక్కువై చివర కారింది.

అక్క నా భుజం మీదుగా చూసింది. "పిచ్చిమొద్దూ, అడగాల్సింది బుద్ధి."

"బుద్ధి నువ్వు చెప్తావుగా."

అక్క మొహం పక్కకి తిప్పుకుంది. పూజారి మంత్రం చదువుతున్నంతసేపూ తన చెయ్యి నా మెడ మీదే ఉంది, బరువుగా, వెచ్చగా.

మెట్లు దిగి వంతెన మొదటికి వచ్చాం. నది నిండుగా ఉంది. రంగులద్దిన బట్టల్ని దిగువన నీళ్ళలో వదిలి కడుగుతున్నారు. పొడవాటి ఎర్ర, పచ్చ గుడ్డలు ప్రవాహంలో తిన్నగా సాగి, నది నేస్తున్నట్టే ఉన్నాయి. సంచి పక్కన పెట్టుకుని బావ కాస్త దూరంలో మాకు వీపు పెట్టి కూర్చున్నాడు, మమ్మల్ని మా మానాన వదిలేసి.

అక్క వంగి నా నడుము పట్టీ సరిచేసింది. గడ్డి చెప్పులు విప్పి కొత్తవి వేసింది. తర్వాత నా మొహం చూసింది.

"నడిమధ్యన తిరుగుతావు కదూ?"

నేను కొత్త చెప్పుల వైపు చూశాను.

"నిన్నటినుంచీ నీ మొహం మీద రాసి ఉందే. తిరిగితే నేను పరుగెత్తుకొస్తాను, రైలు పోతుంది. అంతేగా?"

"వస్తావా?"

"వస్తాను." అక్క నా భుజాలు పట్టుకుంది. "నువ్వు తిరిగి చూస్తే నేను ఆగలేను కినూ. తప్పకుండా వస్తాను. బావని వదిలేసి వస్తాను. అందుకే చెప్తున్నా. ఇక నీ ఇష్టం. నడు."

నన్ను వంతెన మీదికి తిప్పి వీపు మీద చిన్నగా తోసింది.

నడిచాను. జనం పూలు చూస్తూ అటూ ఇటూ వెళ్తున్నారు. నాలాంటి పిల్లలు మెడలు బిగబట్టుకుని, తల్లుల చేతులు పట్టుకుని నడుస్తున్నారు. వెనకనుంచి అన్నయ్యలు "ఒసేయ్, నీ చెప్పు పడిపోయింది!" అని అరిచి ఉడికిస్తున్నారు. నేను ఎవరినీ పట్టుకోలేదు. నడిమధ్య ఎక్కడో చూసుకుంటున్నాను. అదిగో, అంచున ఆ కొయ్య స్తంభం దగ్గర. అక్కడ తిరుగుతాను.

ఎదురుగా దూరంగా నాన్న. గోడ వైపే తిరిగి ఉన్నాడు.

కొయ్య దగ్గరికి వచ్చి ఆగాను. మెడ తిప్పబోయాను. సరిగ్గా అప్పుడే నాన్న తిరిగాడు.

గోడ వదిలి, మొత్తం మనిషి, వంతెనకేసి తిరిగాడు. నన్ను చూడలేదు. ఆయన చూపు నా తల మీదుగా వెళ్ళిపోయింది. చేతులు పైకి లేచి టోపీ తీశాయి. నెరిసిన జుట్టు గాలికి లేచింది. ఆ తర్వాత మా నాన్న, పట్టు వర్తకుల ముందు కూడా సగమే వంగే మా నాన్న, రెండు చేతులూ మోకాళ్ళ దాకా జారేలా నడుము విరిచి వంగాడు. మన ఇంట్లో భోజనం చేసి వెళ్తున్న గొప్ప అతిథికి చేసే దండం అది. జనం ఆయన్ని తప్పించుకుని రెండు పాయలుగా పోతున్నారు. ఆయన లేవలేదు.

నా మెడ తిరగలేదు. తిప్పాలన్న సంగతే మరిచిపోయాను. కళ్ళు ఆయన మీదినుంచి తీస్తే ఆ దృశ్యం పోతుందేమో అనిపించింది, చెరువులో కొండలాగా.

లేచాక కూడా నాన్న కదల్లేదు. చూస్తున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. అతిథి ఇంకా మలుపు తిరగలేదు. మలుపు తిరిగేదాకా నిలబడాలి.

నడవసాగాను, ఆయన మొహమే చూస్తూ. నా వెనక జరుగుతున్నదంతా అక్కడ కనిపించింది. ఆయన కనుబొమలు పైకి లేచాయి. అక్క వంగి ఉంటుంది. ఆయన దవడ బిగిసింది. సంచి ఎత్తుకుని ఉంటుంది, బరువు సంచి. చూపు మెల్లగా, చాలా మెల్లగా పక్కకి జరగడం మొదలైంది. ఒడ్డు వెంట వెళ్తున్నారు. స్టేషను సందు వైపు. చూపు ఇంకొంచెం జరిగింది. ఆగింది.

తిరుగు అక్కా, అనుకున్నాను. మలుపు దగ్గర తిరిగి చూడకపోతే ఆయన సాయంత్రం దాకా నిలబడాలి.

నాన్న మొహం ఒక్కసారిగా విచ్చుకుంది. ఏడుపో నవ్వో తెలీదు. ఆయన మళ్ళీ వంగాడు, ఇంతకుముందుకంటే లోతుగా.

నా కాలు వంతెన దిగి ఒడ్డు మట్టి మీద పడింది. అప్పుడు వెనక్కి తిరిగాను. పూలు, జనం, నది. అక్క లేదు.

నాన్న టోపీ పెట్టుకున్నాడు. నా భుజాల మీది కుట్లని వేలితో తడిమి చూశాడు, మగ్గం మీద పోగు చూసినట్టు.

"బుద్ధి నిలిచిందా?" అన్నాడు.

"నిలిచింది నాన్నా."

"సరే. పద, ట్రాము వస్తుంది."

"నడిచి వెళ్దాం," అన్నాను.

నడిచాం. చెరువు దగ్గర గాలి వచ్చి కొండ చెదిరిపోయింది. కితానో వాగు దగ్గరికి రాగానే మగ్గాల చప్పుడు మళ్ళీ చెవుల్లోకి వచ్చింది. నాన్న అక్కడ కాసేపు ఆగాడు.

బడి చదువు నాకు అట్టే సాగలేదు. మగ్గం ముందు కూర్చుని, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చూసుకుంటూ మిగతా చదువు సొంతంగానే నేర్చుకున్నాను. కానీ నేను నిజంగా మొదట చదివింది ఆ వంతెన మీద, మా నాన్న మొహం. అంత తేటగా మళ్ళీ ఏదీ చదవలేదు. ఇప్పటికీ మా ఇంటికి ఎవరొచ్చి వెళ్ళినా సందు మలుపు దాకా చూస్తూ నిలబడతాను. ఈ కాలం పిల్లలు మలుపు దగ్గర తిరగరు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నిలబడి, గ్యాసు పొయ్యి ఆర్పానో లేదోనని కంగారు పడుతూ లోపలికి వస్తాను.

మూడేళ్ళు గడిచాయి. ఆ బట్ట నాకు సరిపోయే ఎత్తుకి ఎదిగాను. నాన్న కుట్లు విప్పనివ్వలేదు, "విప్పే మనిషి వస్తుంది" అన్నాడు. ఆయన చనిపోయిన ఏడాది నేనే విప్పాను. బట్ట చిరగలేదు.

మా అక్క షిజునో 1960 ఏప్రిల్‌లో నీగాతా రేవులో ఓడ ఎక్కింది. తిరిగి రాలేదు.